ఈశాన్యానికి ఒరిగిన నీళ్లు

శేషారత్నం రోజూ పొద్దున్నే చేసే మొదటి పని బిందె తోమడం. చింతపండూ ఉప్పూ వేసి పచ్చగా మెరిసేదాకా తోమి, మంచినీళ్లు వచ్చే ముప్పావుగంటలోనే నింపి, పసుపు రాసి బొట్టుపెట్టి, వంటింట్లో పీట మీద పెడుతుంది. అంచుకి నాలుగు వేళ్లు తక్కువగానే నింపాలి. నిండా నింపితే ఫోన్ వచ్చినప్పుడల్లా నేల తుడుచుకోవాలి.

ఆ ఇంటికి ఫోన్ రాబోయే ముందు బిందెలో నీళ్లు ఒరుగుతాయి మరి. ఎటునుంచి వస్తోందో అటువైపు అంచుకి కాస్త ఎగబాకి నిలబడతాయి. అప్పుడు ఫోన్ మోగుతుంది. ఎత్తి హలో అన్నాక గాని సర్దుకోవు. పంతొమ్మిదేళ్ల కిందట భర్త చక్రపాణికి, జీడిమెట్లలో ఆయన పనిచేసే కంపెనీ వాళ్లు ఆ నంబరు ఇచ్చిన రోజు నుంచీ ఇంతే. కాకినాడ నుంచి ఆడపడుచు, మామగారి తద్దినం ఏ రోజొచ్చిందో అడగడానికి చేస్తే తూర్పుకి, మేడ్చల్ నుంచి పాలతను చేస్తే ఉత్తరానికి. కొంపల్లిలో వాళ్ల అపార్ట్‌మెంటు వాళ్లందరికీ ఇది తెలిసిందే. పక్కింటావిడ మజ్జిగకి వచ్చినప్పుడు, "పిన్నిగారూ, నీళ్లు పడమటికి ఒరిగాయి, ఫోన్ దగ్గర పెట్టుకోండి" అని చెప్పి గిన్నె పట్టుకుపోతుంది.

ఈశాన్యానికి మాత్రం ఎన్నడూ ఒరగలేదు. అటువైపు వాళ్లకి తెలిసినవాళ్లు లేరు.

శేషారత్నం ఎదురుచూసేది ఒక్క ఫోన్ కోసమే. కూతురు అశ్రిత ఆరేళ్లప్పుడు యాదగిరిగుట్టలో దర్శనం వరసలో తప్పిపోయి రెండు గంటలకి దొరికింది. ఆ రోజు నుంచీ చక్రపాణి ఎక్కాల బాణీలో ఆ పది అంకెలూ పిల్ల నోటికి పట్టించాడు. అన్నం ముద్ద పెట్టే ముందు అప్పజెప్పాలి, జడ వేసే ముందు అప్పజెప్పాలి. ఆ పిల్లే నాలుగేళ్ల కిందట ఒక శుక్రవారం, రాహుకాలంలో, బ్యాంకుకి వెళ్లొస్తానని గడప దాటి, నచ్చినవాణ్ణి పెళ్లి చేసుకుంది. తర్వాత ఫోన్ లేదు. చక్రపాణి ఆ పేరు ఎత్తడం మానేశాడు. శేషారత్నం నెలనెలా పిల్ల జన్మనక్షత్రం విశాఖ నాడు దాని పేరు మీద అర్చన చేయించి, కుంకం పొట్లం దేవుడి గూట్లో దాస్తూ వచ్చింది. ఎప్పుడైనా తిరిగి చేస్తే ఆ నంబరుకే చేస్తుంది. వేరేది దానికి తెలీదు.

అలాంటిది, ఈ నెలాఖరుకి చక్రపాణి రిటైరవుతున్నాడు. నంబరు కంపెనీది. ముప్పై ఒకటో తేదీలోగా మీ పేరు మీదికి, ప్రీపెయిడ్‌కి మార్చుకోండి, లేదంటే ఇంకొకరికి వెళ్లిపోతుంది అని ఆఫీసువాళ్లు కాగితం ఇచ్చారు.

"కొత్త నంబరు తీసుకుంటే పోయె. దీనికింత తిరుగుడు ఎందుకు?" అన్నాడు చక్రపాణి. అని, ముప్పయ్యో తేదీ పొద్దున తానే ముందు చెప్పులేసుకున్నాడు.

సిమ్ కార్డుల షాపులో నవ్యశ్రీ అనే మేడ్చల్ అమ్మాయి కూర్చుని ఉంది. ఆమె చెప్పినదంతా శేషారత్నం చెవులు రిక్కించి విన్నది. విన్నకొద్దీ తల తిరిగింది.

"నంబర్ గదే ఉంటదాంటీ. పోస్ట్‌పెయిడ్‌ల నుంచి ప్రీపెయిడ్‌ల వడ్తది, గంతే. పాత సిమ్ము బందయితది. కొత్త సిమ్ముల నంబర్ వచ్చేటందుకు రెండు గంటలు."

"మరి ఆ రెండు గంటలూ నంబరు ఎక్కడుంటుందమ్మా?"

నవ్యశ్రీ కంప్యూటర్ వైపు చూసింది. పక్క కౌంటర్ వైపు చూసింది. "గట్ల ఎవ్వరడగలే ఆంటీ. సిస్టమ్‌ల ఉంటది కావచ్చు."

"పాతదాంట్లో ఉండదు, కొత్తదాంట్లోకి రాదు. మధ్యలో ఎవరైనా పిలిస్తే?"

"స్విచాఫ్ అని వస్తది."

"మా బిందెలో నీళ్లో?"

"నీళ్ల గురించి ఫారంల ఏం లేదాంటీ," అంది నవ్యశ్రీ మర్యాదగానే. "ఇగ ఓటీపీ వచ్చింది సూడుండ్రి. జల్దీ చెప్పుండ్రి."

ఫోన్ శేషారత్నం చేతిలోనే ఉంది. గోడ మీద గడియారం చూసింది. పదకొండూ పది. శుక్రవారం పదిన్నర నుంచి పన్నెండు దాకా రాహుకాలం. పిల్ల గడప దాటిన వారం, పిల్ల గడప దాటిన వేళ. పిల్ల పిలవాల్సిన నంబరుని ఆ వేళలో చేతులారా ఎలా కదపడం?

ఫోన్ కొంగులో చుట్టేసుకుంది. "పన్నెండు దాటనీ తల్లీ, చెప్తాను."

"పది నిమిషాలే ఉంటదాంటీ అది!"

"శేషూ, చదువు!" అన్నాడు చక్రపాణి పళ్ల మధ్య నుంచి. "ఆ అంకెల్ని రాహువేం చేసుకుంటాడే?"

మొదటిది కాలం చెల్లింది. నవ్యశ్రీ ఇంకోటి పంపింది. అదీ చెల్లింది. ఈసారి చెప్తుందిలే అని మూడోది పంపింది. శేషారత్నం కళ్లు మూసుకుని ఆంజనేయ దండకం అందుకుంది. మూడోదీ పోయి, తెర మీద ఎర్ర గీత వచ్చింది.

"లాకయిందంకుల్. రేపే ఇగ."

ఇంటి తాళం తీసేముందు చక్రపాణి సంచీలో కాగితాలన్నీ ఉన్నాయో లేదో రెండుసార్లు లెక్కపెట్టుకోవడం శేషారత్నం చూసింది. కొత్త నంబరు తీసుకుంటే పోయె అన్న మనిషికి అంత ఆత్రమెందుకో ఆమెకి బోధపడలేదు.

మర్నాడు ఎనిమిదింటికే ఇస్త్రీ చొక్కా వేసుకుని, కాగితాల సంచీ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. శనివారం రాహుకాలం పదిన్నరకి పోయింది. పదీ ముప్పై అయిదుకి షాపులో ఉన్నారు. ఓటీపీని శేషారత్నం స్తోత్రంలా రెండుసార్లు చదివింది. నవ్యశ్రీ నవ్వుకుంటూ కొత్త సిమ్ వేసి ఇచ్చింది. ఫారాలన్నీ తెమిలి ఇల్లు చేరేసరికి పన్నెండున్నర. ఫోన్‌లో సిగ్నల్ గీతలన్నీ పోయి చిన్న అడ్డగుర్తు మిగిలింది.

"ఇప్పుడది ఎక్కడా లేదు," అంది శేషారత్నం ఫోన్ వైపు చూస్తూ.

"సిస్టమ్‌లో ఉందన్నదిగా," అన్నాడు చక్రపాణి. ఆయనకీ అర్థమైనట్టు లేదు.

పప్పు తాలింపు పెడుతుంటే కాళ్లకి చల్లగా తగిలింది. కిందికి చూస్తే నీళ్లు. బిందెలో నాలుగు వేళ్ల వెలితి దాటుకుని, అంచు మీదుగా పీట మీదికి జారుతున్నాయి. ఎటువైపో చూసి గరిట వదిలేసింది.

"ఏవండీ! ఈశాన్యం!"

చక్రపాణి పరుగున వచ్చాడు. ఇద్దరూ బిందె పక్కన నిలబడ్డారు. ఫోన్ మోగలేదు. మోగడానికి నంబరే లేదు. ఎత్తేవాళ్లు లేక నీళ్లూ సర్దుకోలేదు. ఒరిగి, ఓ క్షణం జారి, మళ్లీ ఒరిగాయి. ఎవరో మళ్లీ మళ్లీ చేస్తున్నారు.

శేషారత్నం రాగి చెంబు నిండా ఆ బిందెలోవే ముంచింది. చెంబులోనూ నీళ్లు అటే నిలబడ్డాయి.

"మీరు ఫోన్ దగ్గరుండండి. నంబరు ఎప్పుడొస్తుందో ఏమో," అని చెప్పులేసుకుంది.

కింద శ్రీనివాస్ ఆటోలో కునుకుతున్నాడు. ఆ వీధి వాళ్లందరికీ అతని ఆటోయే. "ఎటు పోవాలమ్మా?"

"తెలీదు నాయనా. నీళ్లు చెప్తాయి."

శ్రీనివాస్ చెంబులోకి తొంగిచూసి, అలాగేనని తలూపి, బండి తీశాడు. పెద్దరోడ్డు మీద ఉత్తరంగా పోతుంటే చెంబు అంచున కుడిపక్కగా లేచి ఉన్నాయి నీళ్లు. గతుకు వచ్చినప్పుడల్లా శేషారత్నం అరచెయ్యి అడ్డుపెట్టింది. మేడ్చల్ చేరేసరికి పూర్తిగా కుడికి తిరిగాయి.

"కుడికి, కుడికి!"

"శామీర్‌పేట్ రోడ్డమ్మా. తిప్పుతున్న. గీ ఫోన్ల మ్యాపు కన్న నీ చెంబే మంచిగ చెప్తాంది. అది నన్ను గోడల్ల వెట్టింది మొన్న." అద్దంలోంచి చూశాడు. "ఎవరమ్మా, చుట్టాలా?"

"మా అమ్మాయి కావచ్చు. కాకపోవచ్చు. నిన్న నేను మూర్ఖంగా చేయకుండా ఉంటే ఈపాటికి మాట్లాడేసేదాన్ని." చెంబు మీద పడకుండా కళ్లు తుడుచుకుంది. "అది తప్పో ఒప్పో కూడా తెలీడం లేదు."

"పరేషాన్ గాకు. దొరుకుతది." శ్రీనివాస్ హారన్ కొట్టి లారీని దాటించాడు.

దారిలో నాలుగుసార్లు నీళ్లు చదునుగా పడుకున్నాయి. నాలుగుసార్లూ శేషారత్నం ప్రాణం పోయింది. మళ్లీ ఒరిగాయి. శామీర్‌పేట చెరువు దాటి, కరీంనగర్ రోడ్డు మీద బస్సులు ఆగే చోటికి వచ్చేసరికి, నీళ్లు చెంబులోంచి కొంగలా మెడ సాచి నిలుచున్నాయి.

బస్సొకటి ఆగి ఉంది. కండక్టర్ కరీంనగర్, కరీంనగర్ అని అరుస్తున్నాడు. మెట్టు మీద ఒక కాలు పెట్టి, చెవి దగ్గర ఫోన్ పెట్టుకుని, నిండు కడుపుతో ఒక అమ్మాయి నిలబడి ఉంది.

"ఎక్కుతవా లేదా చెల్లే?" అంటున్నాడు కండక్టర్.

"అశ్రితా!"

ఆ పిల్ల తిరిగి చూసింది. చెంబులో నీళ్లు ఒక్కసారిగా చదునైపోయాయి.

బస్సు వెళ్లిపోయాక, పాన్‌డబ్బా ముందు బల్ల మీద కూర్చున్నాక తెలిసింది శేషారత్నానికి. నాలుగేళ్లూ పిల్ల ఈ శామీర్‌పేటలోనే, రెండు గదుల పోర్షన్‌లో ఉంది. అల్లుడికి మంచిర్యాలలో పని దొరికి ముందు వెళ్లాడు. ఇప్పుడు ఎనిమిదో నెల. పురిటికి కరీంనగర్‌లో అతని మేనత్త ఇంటికి రమ్మన్నారు. ఆవిణ్ణి అశ్రిత ఒక్కసారే చూసింది.

"ఒకసారి చేసి చూద్దాం, ఎత్తితే ఉండిపోదాం, లేకపోతే బస్సెక్కేద్దాం అనుకున్నానమ్మా. స్విచాఫ్ అన్నది. చేస్తూనే ఉన్నాను. రెండు బస్సులు వదిలేశాను. మూడోది వదలకూడదు అనుకున్నా." కొంగు పట్టుకుంది. "నంబరు మార్చేశారేమో అనుకున్నాను. నాకోసమే మార్చేశారేమో అని."

"మార్చలేదే పిచ్చిదానా. మార్చకుండా ఉండడానికే ఈ తంటాలన్నీ. నాన్ననడుగు. ఇప్పుడు చెయ్యి."

అశ్రిత చూసుకోకుండానే పది అంకెలూ నొక్కింది. ఈసారి మోగింది. ఒక్క మోతకే ఎత్తారు.

"నాన్నా, నేను."

అవతల పీట జరిగిన చప్పుడు. "నంబరు గుర్తుందా నీకు?"

"మీరేగా నేర్పించారు."

"బిందెలో నీళ్లు నిమ్మళించాయి. నీకు కనపడిందా అమ్మ? నీకు... సరే. ఇప్పుడు రాహుకాలమేమైనా ఉందేమో దాన్నడుగు." వెంటనే తనే అన్నాడు. "ఉన్నా సరే, బయల్దేరండి. శ్రీనివాస్‌కి మెల్లిగా తోలమని చెప్పు, అశ్రితా."

పిల్ల ఏడుస్తూ నవ్వింది, నవ్వుతూ దాహం అంది. శేషారత్నం చెంబు అందించింది. ఒరగని, కదలని ఆ నీళ్లని అశ్రిత ఎత్తిన చెంబు దించకుండా తాగేసింది. శ్రీనివాస్ అప్పటికే సంచీని సీటు కింద పెట్టి, ఆటో మూతిని కొంపల్లి వైపు తిప్పి ఉంచాడు.