పేడ పడని పువ్వు

ఆల్ప్స్ కొండల్లోని ఆ లోయలో పెంటకుప్ప ఎంత ఎత్తుంటే ఇల్లు అంత గొప్ప. దూరి అనే పెద్దరైతు ఇంటి కుప్పకైతే సాటే లేదు. అలాంటి మనిషి దగ్గర ఆయన కోడలు లదీనా, గడ్డి కోసే పైమడిని అడిగి తీసుకుంది, తెల్లటి నూగుతో పూసే కొండపూలు, ఎడెల్‌వైస్‌లు పెంచుతానని. రెండో ఏడు జూలైలో పూలవ్యాపారి సెరైనా వచ్చి మడిలో పూలన్నీ కొంటే మడి కోడలిది. కొనకపోతే మళ్ళీ గడ్డికే. ఇంటిల్లిపాదీ ఎదుట అనుకున్న మాట అది.

లదీనాకు బెంగేమీ లేదు. జనవరిలో కుండీల్లో ఇసుక కలిపిన మన్ను పోసి, గింజలు పైపైన చల్లి, మంచులో వదిలేసింది. చలి తగలందే ఆ గింజ సరిగ్గా కళ్ళు తెరవదు. వేసవిలో మడినిండా గులకరాళ్ళు కలిపి నారు నాటింది. దీనికి ఎండా, నీళ్ళు నిలవని నేలా చాలు, పేడ మాత్రం పడదని మామకు లక్షసార్లు చెప్పింది.

మరుసటి ఏప్రిల్‌లో ఆమె చెల్లెలి పురుటికని పుట్టింటికి వెళ్ళింది. బక్కచిక్కిన ఆ మొక్కల్ని చూసి దూరికి కడుపు తరుక్కుపోయింది. పాపం, మంచి మనసే! సగం మడికి రెండు బండ్ల పేడ వేసేశాడు.

జూన్‌కల్లా ఆ సగం మోకాలెత్తు లేచింది. తిరిగొచ్చిన లదీనా అడిగితే, చూశావా నా పేడ మహిమ అని మీసం దువ్వాడు. ఆమెకు ఒళ్ళు మండి రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు.

సెరైనా వచ్చింది. దూరి ముందుగా తన పొడుగు మొక్కల దగ్గరికే తీసుకెళ్ళాడు. ఆమె ఒక పువ్వు తుంచి బొటనవేలితో రుద్దింది. తెల్లటి నూగే లేదు, అంతా ఆకుపచ్చే.

"ఇది పువ్వా, ఆవుకు మేతా?"

అవతలి సగంలో జానెడైనా లేని మొక్కలు ఉన్ని కప్పుకున్నట్టు తెల్లగా పూశాయి. వాటి ముందు ఆమె మోకాళ్ళ మీద కూర్చుంది. కానీ సగం మడి కోసం ఇంత కొండ ఎక్కలేనంది.

మాట ప్రకారం మడి పోయినట్టే. లదీనా తల దించలేదు.

"మొక్కలు బాగానే ఉన్నాయండీ. ఆ మన్ను తీసేసి రాళ్ళల్లో పెడతాను. కడుపు మాడితే వచ్చే ఏడు ఇవీ తెల్లగానే పూస్తాయి," అంది.

వచ్చే ఏడు మడి ఎవరిదని సెరైనా దూరినే అడిగింది. ఒకరి ముందు తప్పు ఒప్పుకునే అలవాటు ఆయనకు పుట్టాక లేదు.

"కోడలిదే. పాడుచేసింది నేను," అన్నాడు చివరికి. లదీనావైపు తిరిగి, "నా పేడ ఎంత లోతు దిగి ఉంటుందే అమ్మాయ్?" అన్నాడు.

"జానెడు, మామయ్యా. పూత అయిపోనివ్వండి, తీద్దాం."

"ఈ పచ్చపూలకు పూతొకటా," అంటూ ఆయన నేలమీద కూలబడి, మొదటి మొక్కను వేరు తెగకుండా చేతులతోనే తవ్వసాగాడు.