గవర్నర్ మోకాలి నొప్పి

మా గవర్నర్‌కి మోకాలి నొప్పి ఉన్నట్టుండి ముదిరింది. వైద్యానికి లండన్ వెళ్తూ, ఏనాడూ లేనిది, అధికారమంతా డిప్యూటీ గవర్నర్ డూఫాన్ మేడమ్‌కి రాసిచ్చి మరీ వెళ్లాడు. ఇదివరకు ఎన్నిసార్లు దేశం దాటినా కుర్చీని జేబులో పెట్టుకుపోయిన మనిషి! ఆవిడ సహాయకుణ్ణి కదా, నాకప్పుడే అనుమానం తగిలింది.

పొద్దున్నే గవర్నర్ వెన్నంటి ఉండే ఏడీసీ వచ్చి ఆవిడ కుర్చీ వెనక నిలబడ్డాడు. మా రాష్ట్రంలో ఆ పోలీసు అధికారి ఎవరి వెనక నిలబడితే వాళ్లదే రాజ్యం. నిన్నటిదాకా ఆవిడ వంక తలెత్తి చూడనివాడు ఇవాళ సెల్యూట్ కొడుతుంటే నాకు ఒళ్లు మండింది.

"మేడమ్, ఇందులో ఏదో తిరకాసుంది."

"నీకు పెళ్లి విందులోనూ తిరకాసే కనిపిస్తుంది తెరుంగ్వా. కూర్చో."

మధ్యాహ్నం న్యాయశాఖ కమిషనర్ గ్బాండే ఫైలు చంకన పెట్టుకుని, లేని వినయమంతా ఒలకబోస్తూ వచ్చాడు.

"చిన్న సంతకం మేడమ్."

అది తెర్సూ ఉరి ఉత్తర్వు. పార్టీ పెద్దమనిషిని చంపాడని శిక్ష పడ్డ కుర్రాడు. సాక్ష్యాలన్నీ అబద్ధమని సగం రాష్ట్రం అంటుంది. ఉరి తీస్తే తెర్సూ వాళ్ల వైపు ఓట్లు పోతాయి, తియ్యకపోతే పార్టీవాళ్లు ఊరుకోరు. మా దేశంలో గవర్నర్‌నీ ఓట్లేసే ఎన్నుకుంటారు, ఆ ఎన్నికలేమో దగ్గర పడ్డాయి. గవర్నర్‌కి నొప్పి ఎక్కడ పుట్టిందో నాకర్థమైంది. తెర్సూ తల్లి ఆ పూట కూడా మా గేటు ముందే కూర్చుని ఉంది.

మేడమ్ కలం మూత తీసింది. ఏడీసీ నీడ పడగానే ఈవిడా మారిపోయిందా?

"గ్బాండే, ఇవాళ గవర్నర్ అధికారాలన్నీ నావేనా?"

"అన్నీ మీవే మేడమ్. సందేహమేముంది?"

"చంపేది ఒక్కటేనా, వదిలేదీ ఉందా?"

ఆయన ఫైలు వెనక్కి లాక్కోబోయాడు. "ఉంది గానీ... దానికి క్షమాభిక్ష మండలి సలహా కావాలి."

"వదిలెయ్యమని వాళ్లు నిరుడే ఇచ్చారుగా. మీరు సొరుగులో దాచారు. పట్రండి."

"ఒగా ఊరుకోరు మేడమ్!" మా దగ్గర పై అధికారిని అలాగే పిలుస్తారు.

"మీ ఒగా మోకాలు పట్టుకుని కూర్చున్నారుగా. ఎలా లేస్తారు?"

వెనక ఏడీసీ దగ్గు నటించి నవ్వు మింగాడు. మేడమ్ క్షమాభిక్ష మీద సంతకం చేసి, ఆ కాగితంతో జైలుకి నన్నే పంపింది.

గవర్నర్ మోకాలు ఆ పూటే నయమైంది. మర్నాడు విమానం దిగాడు. ఏడీసీ వెళ్లి ఆయన వెనక నిలబడ్డాడు. మేడమ్‌ని దింపెయ్యడానికి శాసనసభలో సంతకాలు మొదలయ్యాయి. సాయంత్రం సైరన్ లేని కారులో ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే, ఆవిడ కిటికీలోంచి కాల్చిన మొక్కజొన్న పొత్తులు కొని ఒకటి నాకిచ్చింది. నాకు తినబుద్ధి కాలేదు.

"నేను చెప్పలేదా మేడమ్? ఇది మీకు తవ్విన గొయ్యి. పదవి పోతుంది."

"అది నాకూ తెలుసులే. తెర్సూ వాళ్లమ్మ గేటు దగ్గర్నుంచి లేచిందా?"

"లేచింది మేడమ్. కొడుకు చెయ్యి వదలకుండా పట్టుకుని వెళ్లింది."