మంగళవారం వేసిన అతుకు

నేను ఒక సర్వర్ని. హోటల్లో ఇడ్లీ తెచ్చే సర్వర్ని కాను, అయినా నాదీ వడ్డనే: అడిగినవాళ్లకు అడిగిన పేజీ. ఎక్కడో ఫ్యాక్టరీలో పుట్టి, ఒక ఆఫీసు వాడి వదిలేశాక, రాజమండ్రిలో పుల్లంరాజుగారి మేడగదికి చేరాను. నాలో మూడొందల వెబ్‌సైట్లు అద్దెకుండేవి: ఆవకాయల వాళ్లు, కల్యాణమండపాలు, ఒక రక్తదాతల సంఘం. అన్నిటికీ కాపలా ఒకే సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్.

అది తనంతట తాను అప్‌డేట్ కావడం పుల్లంరాజుగారికి గిట్టదు. ఒకసారి ఓ పెళ్లిని లైవ్‌లో చూపిస్తుంటే, సరిగ్గా తాళి కట్టే వేళకు అది అప్‌డేటై నన్ను పడుకోబెట్టి లేపింది. మూడు ముళ్లలో రెండింటిని బంధువులెవరూ చూడలేదు. అప్పటినుంచి ఆటోమేటిక్ అంటే ఆయనకు మీటరు లేని ఆటో ఎక్కినంత భయం. అంతా చేత్తోనే చేయాలన్నారు. ఆ చెయ్యి మంగతాయారుది. పదేళ్లుగా నా బాగోగులు చూసే ఉద్యోగిని.

చిక్కేమిటంటే, మంగళవారం కొత్త పని మొదలుపెట్టడానికి ఆయన ఒప్పుకోరు. ఒక మంగళవారం పొద్దున సాఫ్ట్‌వేర్ కంపెనీ నుంచి తాయారుకు కబురందింది: ఆ సాఫ్ట్‌వేర్‌లో కన్నం పడింది, దొంగలు దూరుతున్నారు, వెంటనే కొత్త వెర్షన్ వేసుకోండి. అప్పటికే నా తలుపు నిమిషానికి నలభైసార్లు తడుతున్నారు. రెండువేల మంది రక్తదాతలు తాయారు మాట మీదే ఫోన్ నంబర్లిచ్చారు. అవి దొంగల చేతిలో పడితే ఇంకెవరూ పేరివ్వరు.

"రేపు వేద్దువుగానిలే తాయారమ్మా," అన్నారాయన.

"రేపటికి తలుపుంటుందండి, లోపలేమీ ఉండదు. దొంగలకి మంగళవారం పట్టింపు లేదు కదండీ."

ఆయన మెడ గోక్కున్నారు. నిన్న దీని గురించి ఏ పనైనా చేశావా అని అడిగారు. సాయంత్రం బ్యాకప్ తీశానంది.

"ఇంకేం? అదే ప్రస్థానం. మంచిరోజున సంచి పక్కింట్లో పెట్టొచ్చి మర్నాడు బయల్దేరట్లేదూ? మనం నిన్నే బయల్దేరిపోయాం. కానియ్."

తాయారు నా నెట్ తీగ పీకి, పాత వెర్షన్ తీసేసి, పెన్‌డ్రైవ్‌లో ముందే దింపుకున్న కొత్తది ఎక్కించింది. ఆ ఏడు నిమిషాలూ ఆవకాయల వాళ్ల ఫోన్లకు పుల్లంరాజుగారే జవాబు చెప్పారు, సర్వరుకు తలంటుతున్నామని. తీగ తగిలించగానే దొంగలు మళ్లీ అదే చోటికొచ్చి తట్టారు. కన్నం లేదు. వచ్చినవాళ్లు వచ్చినట్టే పోతున్నారని తెరమీద చూశాకే తాయారు కుర్చీలో కూర్చుంది.

ఇప్పుడు పాత ఇనుముల కొట్లో ఉన్నాను. మెమరీ ఎప్పుడో పీకేశారు గానీ ఆ మధ్యాహ్నం గుర్తే. కడియం నుంచి ఎవరో ఓ-నెగెటివ్ గ్రూపు రక్తం కోసం వెతికారు. నలుగురి పేర్లు చూపించాను. మొదటాయనే ఫోన్ ఎత్తాడని మర్నాడు తాయారు చెబుతుంటే విన్నాను.