లంక కోడలు

ఎలీషా కువైట్‌లో ఒక షేక్ ఇంట్లో డ్రైవరుగా పనిచేసేటప్పుడు, అదే ఇంట్లో వంట చేసే సెల్వరాణిని పెళ్లి చేసుకున్నాడు. ఆమెది శ్రీలంకలోని బట్టికలోవా. తమిళం మాట్లాడే క్రైస్తవుల ఇంటి పిల్ల. పెళ్లి సంగతి తెలిశాక యజమాని, మొగుడూ పెళ్లాలను ఒకే చూరు కింద పనికి పెట్టుకోనని తేల్చేశాడు. ఎవరి ఊరికి పోవాలన్న మాట వచ్చినప్పుడు సెల్వరాణి ఎక్కువ ఆలోచించలేదు. ఆమె ఊళ్లో ఏళ్ల తరబడి యుద్ధం. అన్న ఒకడు సంతకు పోయి తిరిగి రాలేదు.

"మా ఊర్లో ఎండ తప్ప ఇంగ ఏ బయమూ లేదు" అన్నాడు ఎలీషా. ఆ మాట నమ్మి వచ్చింది.

ఊరు జమ్మలమడుగుకు దగ్గరే. పక్కనే ఏరు ఉందని మొగుడు చెప్పాడు కదా అని వచ్చిన మరునాడే చూడబోయింది. సముద్రమూ ఉప్పునీటి మడుగులూ చుట్టుకున్న ఊళ్లో పుట్టిన పిల్లకు ఏరంటే నీళ్లు. ఇక్కడ కనుచూపు మేర ఇసుకే. నీళ్లెక్కడని సైగ చేస్తే, అత్త సుందరమ్మ ఇసుకలో కూర్చుని చేతులతో చెలమ తోడింది. కాసేపటికి అడుగున తడి చెమ్మగిల్లి, ఆ తర్వాత నీరు ఊరింది.

"కిందుండాయి. ఓపికుంటే వస్తాయి" అంది సుందరమ్మ. అది ఆమె కోడలితో మాట్లాడిన మొదటి మాట. ఖాజీపేటలో ఉన్న అన్న కూతుర్ని కోడలిగా తెచ్చుకోవాలని ఎన్నాళ్లుగానో అనుకున్న మనిషి ఆమె. సముద్రం అవతల నుంచి వచ్చిన పిల్లను ఇంట్లోకి రానిచ్చింది గానీ మనసులోకి రానివ్వలేదు.

మొదట్లో అన్నీ కష్టమే. రాగిసంగటిని నమిలితే ఇరుగుపొరుగు ఆడవాళ్లు నవ్వారు, దాన్ని మింగాలట. శనగనూనె వాసన పడేది కాదు. వంటకు కొబ్బరినూనె అడిగితే, తలకు పూసుకునేది కూరలో పోస్తారా అని వింతగా చూశారు. ఎండకు మధ్యాహ్నం పూట తడిగుడ్డ కప్పుకుని గోడవారగా పడుకునేది. కానీ ఒక ఆదివారం చర్చిలో అందరూ పాట ఎత్తుకున్నప్పుడు రాగం తనకు తెలిసిందే అయింది. మాటలు రాక, తమిళంలోనే గొంతు కలిపింది. ఆ గొంతు బాగుంది. ఇంటికి నడిచి వస్తూ సుందరమ్మ, "సెల్వమ్మా, కాళ్లు కాలతాయి, చెప్పులేసుకో" అంది. అప్పటినుంచి ఊరికంతా ఆమె సెల్వమ్మే అయింది.

ఆ రోజుల్లో శ్రీలంక తమిళులంటే పోలీసులకు ఎక్కడ చూసినా అనుమానమే. ఎవరు చెప్పారో ఏమో, ఒక పొద్దున ఇద్దరు కానిస్టేబుళ్లు వచ్చి ఆమెను ఠాణాకు పిలుచుకుపోయారు. కొట్టలేదు, తిట్టలేదు. బెంచీ మీద కూర్చోబెట్టి, ఎందుకొచ్చావు, ఎవరు పంపారు, తమిళ పులుల్లో నీకెవరు తెలుసు అని అడిగిందే అడిగారు. ఆమెకు సగం అర్థం కాలేదు.

ఎలీషాకు తోచిన దారి ఒకటే. ఆ ఊళ్లో ఎవరికి ఏ కష్టమొచ్చినా పోయేది తిరుపాలరెడ్డి ఇంటికి. రెడ్డికి ఒక పార్టీ ఉంది, ఏటికి అవతల ఊళ్లోని ఆయన ప్రత్యర్థికి ఇంకో పార్టీ. రెండు వర్గాల మధ్య రక్తం పారి చాలా ఏళ్లయింది. ఎలీషా పోయి చేతులు కట్టుకు నిలబడ్డాడు. రెడ్డి ఫోనెత్తి, ఆ పిల్ల మా ఊరి కోడలు, నేను పూచీ అన్నాడు. పొద్దు గూకేలోపు సెల్వరాణి ఇంట్లో ఉంది. పరాయి దేశంలో తన కోసం పూచీ పడే మనిషి ఒకడున్నాడని ఆమె కళ్లనీళ్లు పెట్టుకుంది.

ఆ తర్వాత నుంచి రెడ్డి జీపు తోలడానికి ఎలీషాకు పిలుపులు మొదలయ్యాయి. పెళ్లిళ్లకు, పొద్దుటూరు బజారుకు, పులివెందుల కోర్టులో వాయిదాలకు. జీపులో సీట్ల కింద గోనెసంచులు ఉండేవి. అందులో ఏముందని ఆమె అడిగితే అతను మాట మార్చేవాడు.

అదే వీధిలో పాలయ్య అనే ఆయన ఉండేవాడు. కుడిచెయ్యి మణికట్టు దాకానే ఉంది. ఒకరోజు సెల్వరాణి ఆయన పెళ్లాం నరసమ్మను, చెయ్యి ఎట్లా పోయిందని అడిగింది.

"ఎలెక్షన్లో పాయ" అంది నరసమ్మ బియ్యంలో రాళ్లేరుతూ. వానల్లేక పంట పోయిందన్నట్టే చెప్పింది. పాలయ్య కూడా అంతకుముందు రెడ్డి జీపు తోలినవాడేనని ఆ పూట తెలిసింది.

ఇంతలో ఎన్నికలు వచ్చాయి. పోలింగ్ నాడు అవతలి వర్గం ఊళ్లోకి పోయే జీపుల్లో ముందుది ఎలీషాయే తోలాలని కబురొచ్చింది. అన్నం ముందు కూర్చుని అతను ఆ మాట చెప్పినప్పుడు, వద్దని చెప్పమంది సెల్వరాణి.

"ఎట్లా చెప్పేది? నిన్ను ఠాణాలోంచి ఇడిపించిందెవరు?"

ఆమె చేతిలోని గరిటె ఆగిపోయింది. ఆ మేలుకు ప్రతిఫలం ఇదని ఆమెకు అప్పుడే అర్థమైంది. తాను అతని బతుకులోకి రాకపోయి ఉంటే ఎలీషా ఈ పాటికి ఏ సొంత బాడుగ బండో తోలుకుంటూ ఉండేవాడు.

"యుద్ధం చూసొచ్చినదానివి, ఈ మాత్రానికి బయపడతాండావా?" అన్నాడు ఎలీషా, నవ్వబోయి.

"చూసినందుకే" అంది ఆమె.

మరునాడు పొద్దున్నే తల దువ్వుకుని, ఆదివారం కట్టే చీర కట్టుకుని బయల్దేరింది. యాడికి పోతాండావని సుందరమ్మ అడిగింది. చెప్పింది. సుందరమ్మ కసువు కొట్టే పొరక కింద పెట్టి, కొంగు నిండుగా కప్పుకుని ఆమె వెనకే నడిచింది.

రెడ్డి ఇంటి ముందు మగవాళ్లు గుంపులుగా ఉన్నారు. రెడ్డి అరుగు మీద కూర్చుని కాఫీ తాగుతున్నాడు. సెల్వరాణి మెట్ల కింద నిలబడింది. దారి పొడుగునా కూడబలుక్కున్న తెలుగంతా అక్కడ సగమే మిగిలింది.

"అయ్యా, ఆ పొద్దు నన్ను ఇడిపించినారు. మీకు దండం. ఆ పూచీ మీరు ఎనక్కి తీసుకోండి. నన్ను మళ్లా ఠాణాకు పొమ్మన్నా పోతా, ఆడ్నే కూర్చుంటా. ఆయన జీపు తోలడు."

మగవాళ్లు నవ్వారు. రెడ్డి నవ్వలేదు. గ్లాసు పక్కన పెట్టి సుందరమ్మ వైపు చూశాడు. "ఏం సుందరమ్మా, కోడలు లంక నుంచి వచ్చి మాకు బుద్ధులు చెప్తాంది. నువ్వేమంటావు?"

సుందరమ్మ పెళ్లై వచ్చినప్పటి నుంచి ఆ ఇంటి పొలాల్లో కూలి చేసింది. ఆ మెట్ల ముందు తలెత్తి మాట్లాడింది లేదు. ఆమె ముందుకు వచ్చి కోడలి పక్కన నిలబడింది.

"నా మాటా అదేనప్పా" అంది సుందరమ్మ. "ఉండేది ఒగడే కొడుకు."

రెడ్డి గ్లాసెత్తి మిగిలిన కాఫీ తాగాడు. చివరికి, "పోండి. ఇంగ ఏ కష్టమొచ్చినా నా గడప తొక్కొద్దండి" అన్నాడు.

ఎలీషాకు ఈ సంగతి వీధిలో వాళ్లు చెబితే తెలిసింది. ఇంటికొచ్చి అరవలేదు. మంచం బయట వేసుకుని పడుకున్నాడు. పెళ్లాంతో మాట మానేశాడు. పోలింగ్ నాడు జీపును ఇంకొకడు తోలాడు. బాంబులు పడలేదు, ఎవరికీ ఏమీ కాలేదు. సాయంత్రానికి జీపు దుమ్ము కొట్టుకుని క్షేమంగా తిరిగొచ్చింది. ఎలీషా కనిపిస్తే చాలు, గాజులు తొడుక్కోలేదేమప్పా అని జనం నవ్వడం మొదలుపెట్టారు. సెల్వరాణికి ఆ నవ్వు వినబడేది. తాను చేసింది తప్పేమోనని ఆమెకూ అప్పుడప్పుడూ అనిపించేది. అయినా అతను ప్రాణాలతో బయట మంచం మీద అలిగి పడుకుని ఉండటం చూస్తే, ఆ అనుమానం పోయేది.

ఊళ్లో అతనికి బండి తోలే పని ఇచ్చేవాళ్లు లేకుండా పోయారు. మిషన్ ఆస్పత్రిలో నర్సుగా చేసి రిటైరై, వాళ్ల చర్చికే వచ్చే రత్నమ్మ, వేలూరులో చదువుకున్న మనిషి, తమిళం వచ్చిన మనిషి, వాళ్లకు పొద్దుటూరులో ఇల్లు చూసి పెట్టింది. అక్కడ ఎలీషాకు బట్టల వ్యాపారి వలి బాషా దగ్గర మూటల బండి తోలే పని దొరికింది. పరదేశిగా సెల్వరాణి కడపకు పోయి పరదేశుల లెక్క చూసే ఆఫీసులో పేరు రాయించుకోవాల్సి వచ్చేది. మొదట్లో రత్నమ్మ తోడు పోయి ఆమె తరఫున మాట్లాడింది. తర్వాత ఒక్కతే పోయేది. ఎలీషా ఎప్పుడూ వెంట రాలేదు. తన పెళ్లాం ఆఫీసుల ముందు వరుసలో నిలబడటం తన చేతగానితనమని అతనికి లోపల గుచ్చుకునేది.

పొద్దుటూరు ఆమెకు నచ్చింది. బజారులో ఎన్ని ఊళ్ల మనుషులో, ఎన్ని యాసలో. ఆమె తెలుగును చూసి నవ్వే తీరిక అక్కడ ఎవరికీ లేదు. పక్కింటి ఖమ్రున్నీసా కొబ్బరిపాలతో చేసిన అన్నం తిని, ఎట్లా చేసినావో నేర్పమంది. సుందరమ్మ పంటలు లేనప్పుడు వచ్చి ఉండేది, తర్వాత పంటలున్నా ఉండసాగింది.

ఒకరోజు ఎలీషా పనినుంచి తొందరగా వచ్చాడు. తిరుపాలరెడ్డీ, అవతలి ఊరాయనా ఇద్దరూ ఇప్పుడు ఒకే పార్టీ కండువా కప్పుకున్నారట. జమ్మలమడుగులో ఒకే వేదిక మీద పక్కపక్కన కూర్చున్నారట. ఆ మాట చెప్పి, "పాలయ్య చెయ్యి ఊరికే పాయ" అంటూ గోడకు ఆనుకుని కూర్చున్నాడు. అతను నవ్వుతాడేమో, కోపగించుకుంటాడేమో అని ఆమె చూసింది. రెండూ కాలేదు.

"కడపకు ఎప్పుడు పోవాల?" అని అడిగాడు.

"సోమారం."

"నేనొస్తా."

సోమవారం ఇద్దరూ పొద్దున బస్సు పట్టుకున్నారు. ఆఫీసు వరండాలో బల్ల మీద ఆమె పక్కన ఎలీషా కూర్చున్నాడు. లోపలి గుమాస్తా ఆమెను గుర్తుపట్టి, ఈ పొద్దు తోడెవరు అని అడిగాడు.

"నా మొగుడు" అంది సెల్వరాణి. "ఈయనకు ఏం రాయాల్సిన పని లేదు. ఈడోడే."

గుమాస్తా నవ్వాడు. ఎలీషా కూడా నవ్వి, ఆమె చేతిలోని సంచి తీసుకుని తన ఒళ్లో పెట్టుకున్నాడు. ఇంకా చాలా మంది ముందున్నారు. వాళ్ల వంతు వచ్చేదాకా ఇద్దరూ అక్కడే కూర్చున్నారు.