గంట ముట్టిన చెయ్యి

మూడు దెబ్బలు కొట్టింది ఎవరు?

ఇనుము మీద ఇనుము. ఒకటి. రెండు. మూడు. ఆ వెంటనే ఒక్క క్షణం గాలి ఆగినట్లుండేది... వేపాకుల మీది బొగ్గు నుసి రాలడానికి కూడా జంకినట్లుండేది. అప్పుడు బొగ్గుబాయి మీది పెద్ద చక్రం తిరిగేది.

గోదావరిఖనిలో మా క్వార్టరు వంటింటి కిటికీలోంచి ఆ చక్రం కనిపించేది. దాని మీదుగా జారే తాడు కనిపించేది. తాడు చివర మనుషులను భూమిలోకి దించే ఇనుప గది, కేజ్, కనిపించేది కాదు. చప్పుడును బట్టి నాకు అన్నీ తెలిసేవి.

ఒక దెబ్బ అంటే, ఆపు.

రెండు దెబ్బలంటే, దించు.

మూడు దెబ్బలంటే, మనుషులున్నారు.

మా ఆయన కొమురెల్లి ఆ చక్రాన్ని తిప్పే ఇంజిన్ ముందు ముప్పై రెండేళ్లు కూర్చున్నాడు. అక్కడి నుంచి బాయి కనిపించదు. ఎక్కేవాళ్లు కనిపించరు. ఎదుట ఒక గోడ, కేజ్ ఎంత లోతున ఉందో చూపే ఒక ముల్లు, ఒక గంట. బాయి అంచున నిలబడే మరొకడు, ఎక్కినవాళ్లను కళ్లారా చూసి, తలుపు వేసి, మూడు కొడతాడు. ఆ మూడు వినకుండా ఇంజిన్ కదలదు.

ఒకసారి పై అధికారి వచ్చి, ఆలస్యమవుతోంది, ఎక్కే ఉంటారు, లేపు అన్నాడట. కొమురెల్లి లేపలేదు. చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. ఆ సంగతి అన్నం కలుపుతూ నాకు చెప్పాడు.

"ఇంజిన్ మీద కూసున్నోడు గంట ముట్టద్దు, టీచరూ. ఎక్కినోని మాట ఎక్కినోని దిక్కు నుంచే రావాలె."

నేను చదివిన పుస్తకాలు తక్కువ కాదు. వాటిలో ఏ వాక్యాన్నీ నేను ఇంతగా నమ్మలేదు.

నేను సాంఘికశాస్త్రం చెప్పేదాన్ని. పేరు జమున. ఏటా ఆగస్టులో నల్లబోర్డు మీద ఒక కొండ గీసేదాన్ని. ఎడమవైపు నుంచి మబ్బులు, మబ్బుల కింద గీతలు గీతలుగా వాన. కొండకు కుడివైపు ఏమీ గీసేదాన్ని కాదు. ఖాళీగా వదిలి, కింద రాసేదాన్ని: వర్షచ్ఛాయా ప్రాంతం. మబ్బు రాని చోటు. కొండ నీడలో ఎండిపోయిన చోటు.

"మీరు చూసిన్రా టీచర్?" అని ధరణి అనే పిల్ల అడిగింది ఒక ఏడు.

చూడలేదు. ముప్పై ఏళ్లుగా ఖాళీగా వదిలిన ఆ కుడివైపును ఒక్కసారి కళ్లతో చూడాలి. నాకు కావలసింది అంతే.

రెండువేల పదకొండులో, రాష్ట్రం కోసం సమ్మె జరిగింది. నెలకు పైగా చక్రం తిరగలేదు. గంట మోగలేదు. నుసి పడక, వానలో కడుక్కుని, వేపచెట్టు పచ్చబడింది. ఇరవై ఏళ్లు చూసిన చెట్టుకు అసలు రంగు ఏమిటో అప్పుడే తెలిసింది. పొద్దున రోడ్డు మీద పొయ్యిలు పెట్టి వంటావార్పు చేసేవాళ్లం. మధ్యాహ్నం ఇంట్లో, పని లేని చేతులతో కొమురెల్లి. అట్లాసు తెరిచి నేను.

ఆ నిశ్శబ్దంలో, కొండల అవతలి ఆ కుడివైపుకు ఇద్దరం మోటారుసైకిలు మీద పోవాలని, మేము బండిని ఎంచుకున్నాం.

ఎంచుకున్నాం. బహువచనం. ఈ క్రియను గుర్తుంచుకోండి.

అతను డుగుడుగుమనే బరువైన బండి కావాలన్నాడు. వద్దన్నాను. రాళ్లలో పడితే అరవై ఏళ్ల మనిషి లేపగలిగిన బండే మనకు తగింది అన్నాను. కావలసినవన్నీ కాగితం మీద రాశాను. నేలకూ ఇంజిన్ కడుపుకూ మధ్య జానెడు ఎడం ఉండాలి. పొగగొట్టం పైకి లేచి ఉండాలి, వాగు దాటేటప్పుడు నీళ్లు చొరకుండా. చక్రాలకు పుల్లలుండాలి. అచ్చుపోసిన చక్రం పగిలితే ఆ కొండల్లో అతికేవాడు దొరకడు. పుల్లలైతే సైకిలు షాపువాడైనా బిగిస్తాడు. టైర్లకు గడ్డలు గడ్డలుగా పట్టు ఉండాలి. సీటు పొడవుగా, ఒకే ముక్కగా ఉండాలి. సీటు పొడవుగా ఉండాలి.

"ఇది రెండుసార్లు రాసినవు" అని నవ్వాడు.

"ఇద్దరం గద" అన్నాను.

మరుసటి ఏడు కరీంనగర్ నుంచి బండి వచ్చింది. సీటు ఎత్తు ముప్పై మూడు అంగుళాలు. నా కాలు ఇరవై ఎనిమిది. క్వార్టరు మెట్టు మీద నిలబడి ఎక్కేదాన్ని. యాభై మూడేళ్ల వయసులో మొదటిసారి సల్వారు కుట్టించుకున్నాను. మా లైను ఆడవాళ్లు గేట్ల దగ్గరికి వచ్చి చూశారు. టీచరమ్మ సర్కస్‌ల చేరిందని ఎవరో అంటే, టిక్కెట్ లేదు, దగ్గరికొచ్చి చూడున్రి అన్నాను.

మొదటిరోజు నేనెక్కి కూర్చున్నాక కూడా బండి కదలలేదు. ఇంజిన్ నడుస్తోంది. అతని రెండు చేతులూ హ్యాండిల్ మీద ఉన్నాయి. ఏమైందని అడిగాను.

"గంట కొట్టలే" అన్నాడు.

అతని భుజం మీద వేళ్లతో తట్టాను. ఒకటి. రెండు. మూడు.

బండి కదిలింది.

కాసిపేట దాటితే అడవి బాటలు. ఎర్రమట్టి, ఇసుక, వానకు తేలిన రాళ్లు... ఆదివారాలన్నీ అక్కడే. ఇసుకలో బండిని బిగబట్టకూడదని అతను నేర్చుకున్నాడు. గుంటను చూస్తే బండి గుంటలోకే పోతుందని, దారిని మాత్రమే చూడాలని నేర్చుకున్నాడు. రాళ్ల మీద అతను లేచి నిలబడితే నేనూ లేచి, అతను వాలిన వైపే వాలడం నేను నేర్చుకున్నాను. వాగు వస్తే నేనే ముందు దిగి, మోకాళ్ల లోతు నీళ్లలో నడిచి, అడుగున బండరాయి ఉందో బురద ఉందో పాదాలతో చూసేదాన్ని. పొగగొట్టం తగిలి నా కుడి పిక్క మీద రేగుపండంత మచ్చ పడింది. ఆ మచ్చ అంటే నాకు గర్వం.

ఒకసారి వాగు అవతల నేను ఎక్కి, తడిసిన అంచులు పిండుకుంటూ తట్టడం మరిచాను. వెనుక నాలుగు బండ్లు హారన్లు కొట్టాయి. కొమురెల్లి కదలలేదు. మూడు పడేదాకా కదలలేదు.

ఆ నాలుగు బండ్లలో ఒకటి వీరేందర్‌ది. మా బాయిలోనే సర్వేయరు. నలభై నిండని మనిషి. మిగతా ముగ్గురూ అతని స్నేహితులు. కొండల ప్రయాణానికి మేమూ వస్తామన్నారు. వదినా, మా కెప్టెన్‌వు నువ్వే అని వీరేందర్ అన్నప్పుడు నేను నమ్మాను. రెండు వందల పేజీల నోటుబుక్కు నింపాను. నాగపూర్, ఢిల్లీ, మనాలి, రోహ్తాంగ్ కనుమ, కనుమ అవతల, మబ్బు రాని చోట, స్పితి లోయ. పెట్రోలు ఎక్కడ దొరుకుతుంది. ఎక్కడ దొరకదు. ఎత్తు పెరిగేకొద్దీ గాలి పలచబడుతుంది గనుక ఏ ఊళ్లో ఒక రోజు ఊరికే పడుకోవాలి. అంతా రాశాను.

రాష్ట్రం వచ్చినంక పోదాం, నేను రిటైరైనంక పోదాం అనేవాడు కొమురెల్లి. రెండూ ఒకే వారంలో వచ్చాయి. మే ముప్పై ఒకటిన అతని చివరి డ్యూటీ. జూన్ రెండున రాష్ట్రం. ప్రయాణం జూన్ అయిదున అని నోటుబుక్కు మొదటి పేజీలో ఉంది.

జూన్ ఒకటిన బండిని సర్వీసింగుకు ఇస్తానన్నాడు. నోటుబుక్కును వీరేందర్‌కు చూపించి తెస్తానన్నాడు.

జూన్ రెండు. పొద్దున్నే చౌరస్తాలో జెండా దగ్గరికి పోతున్నానన్నాడు. నేను బడికి వెళ్లాను. జెండా ఎగిరింది. పిల్లలకు లడ్డూలు పంచుతున్నాను. మేఘం లేదు. గాలి లేదు.

చప్పుడు వినిపించింది.

అయిదు బండ్లు. నాలుగోది మాది. పుట్టిన పిల్ల ఏడుపును తల్లి గుర్తుపట్టినట్లు గుర్తుపట్టాను అని రాయను. అది నిజం కాదు. మూడో గేరులో సన్నగా ఈల వేసే ఇంజిన్ ఈ ఊళ్లో అదొక్కటే. అలా గుర్తుపట్టాను.

బడి గేటు దగ్గర స్పీడు బ్రేకరు ఉంది. అయిదు బండ్లూ నెమ్మదించాయి. ఆపుతాడనుకున్నాను. చెయ్యి కూడా ఎత్తాను, చేతిలో లడ్డూ ఉంది.

సీటు సగమే ఉంది.

నేను కూర్చునే సగం లేదు. ఆ చోట ఇనుప కమ్మీలు, వాటి మీద రేకు పెట్టె, పెట్టె మీద కొత్త రాష్ట్రం జెండా. నేను కాళ్లు పెట్టుకునే కడ్డీలు లేవు. చక్రం పక్కనుండే చీర గార్డు లేదు. మనిషి ఒకతె ఎప్పుడో అక్కడ కూర్చుందనే గుర్తు కూడా లేకుండా, ఎంతో శుభ్రంగా విప్పారు.

అతను తల తిప్పలేదు. దారిని మాత్రమే చూశాడు.

నా పక్కన బడి ఆయా పోశవ్వ నిలబడి ఉంది. నా ముఖం చూసి ఆమె తెల్లబోయింది.

"గదేందక్కా... మోకాళ్లు నొస్తున్నయి, నేను రాను అని నువ్వే అన్నవట గద. అన్న అందరికీ చెప్పిండు. మస్తు బాధపడ్డడు పాపం."

నా మోకాళ్లు ఏనాడూ నొప్పి పెట్టలేదు.

'రాను' అనేది ఉత్తమపురుష క్రియ. నేను అంటేనే అది నిజం. నా బదులు మరొకరు అంటే దాన్ని వ్యాకరణ దోషం అనరు. దొంగతనం అంటారు.

లడ్డూలన్నీ పంచాను. ఒక్కటి కూడా మిగల్చలేదు.

సాయంత్రం సీటు కవర్లు కుట్టే గట్టయ్య షాపుకు వెళ్లాను. తెగిన సగం గోడకు ఆనించి ఉంది. నురగ పసుపుపచ్చగా, తెగినచోట తిన్నగా. మంచి కత్తి. గట్టయ్య నా ముఖం చూడకుండా స్టూలు జరిపాడు.

"టీచరమ్మే కొయ్యమన్నది అన్నడు కొమురెల్లన్న. నాకు మనసొప్పలే. మంచి సీటు... ఎందుకన్న అని రెండుసార్లు అడిగిన."

గట్టయ్య రెండుసార్లు అడిగాడు. గంట సంగతి తెలియని మనిషి. రెగ్జిను కుట్టే మనిషి. ముప్పై రెండేళ్లు గంట విని బతికిన మనిషి ఒక్కసారి కూడా అడగలేదు.

ఆ సగాన్ని ఆటోలో ఒళ్లో పెట్టుకుని ఇంటికి తెచ్చాను.

పద్నాలుగోరోజు ఫోను మోగింది. ముందు గాలి. చాలాసేపు గాలి. ఆ గాలి వెనుక అతని గొంతు.

"టీచరూ... కనుమ దాటినం. ఇక్కడ వాన లేదు. చెట్టు లేదు. మబ్బులన్ని అవతలనే ఆగిపోయినయి. నువ్వు బోర్డు మీద గీసినట్టే ఉన్నది."

నేను ముప్పై ఏళ్లు ఖాళీగా వదిలిన కుడివైపున నిలబడి, నా పాఠాన్ని నాకే అప్పజెప్పాడు.

"మూడు ఎవలు కొట్టిన్రు?" అని అడిగాను.

గాలి.

"మూడు ఎవలు కొట్టిన్రు?"

"హలో... హలో... సిగ్నల్ లేదు, టీచరూ."

సిగ్నల్ లేదన్నాడు. ఆ ఒక్క మాటే నిజం.

ఇరవై ఏడోరోజు తిరిగివచ్చాడు. ముఖం మాడింది. పెదవులు పగిలాయి. నా నోటుబుక్కు అట్ట ఊడింది. మబ్బు రాని చోటు నుంచి నాకోసం ఒక పలకరాయి తెచ్చి బల్ల మీద పెట్టాడు. అది ఇప్పటికీ అక్కడే ఉంది. నేను ముట్టలేదు.

ఎందుకు అని నేను అడగలేదు. అతనే చెప్పాడు. వెనుక మనిషి ఉంటే బండి కొండ ఎక్కదని వీరేందర్ అన్నాడట. అందరూ ఒంటరిగా వస్తుంటే తానొక్కడే ఆలిని ఎక్కించుకుని పోతే నవ్వుతారట. చెప్పి, చెప్పి, చివరికి నేల చూస్తూ అన్నాడు.

"అడిగితె నువ్వు వస్తనే అంటవు. అందుకే అడగలె."

ఇంతకన్నా స్పష్టమైన నేరాంగీకారాన్ని నేను ఏ చరిత్ర పుస్తకంలోనూ చదవలేదు.

ఆ సగం ఇవ్వు, కుట్టిస్తాను, మళ్లీ పోదాం అన్నాడు. ఇవ్వలేదు. మంచిర్యాల పోయి కొత్త సగం చేయించుకువచ్చాడు. చీర గార్డు బిగించాడు. నేను కాళ్లు పెట్టుకునే కడ్డీలు బిగించాడు. సీటు మధ్యలో కుట్టు పడింది. నల్ల దారంతో కుట్టినా కనిపిస్తుంది.

ఈ పొద్దున బండిని మెట్టు దగ్గరికి తెచ్చి ఆపాడు. ఇంజిన్ నడుస్తోంది. గోదావరి వైపు నుంచి వాన మబ్బు మెల్లగా వస్తోంది, ఇక్కడ దాన్ని ఆపే కొండ లేదు. నేను మెట్టు మీద నిలబడ్డాను. ఇరవై ఎనిమిది అంగుళాల కాలు. ముప్పై మూడు అంగుళాల సీటు. పిక్క మీద మచ్చ.

అతను వెనక్కి చూడలేదు. బొటనవేలితో హారన్ నొక్కాడు.

ఒకటి. రెండు. మూడు.

మళ్లీ అతనే.

ఇంజిన్ మీద కూర్చున్నవాడే.

చినుకు మొదలైంది. వేపాకుల మీది నుసి నల్లగా కారుతోంది. ఇంజిన్ ఇంకా నడుస్తోంది. నేను ఎక్కానో లేదో మీరు అడగవద్దు. అడగవలసింది నన్ను కాదు.

ఆమే వద్దంది. ఆమే రానంది. ఈ మాట మీరు ఎవరి గురించి, ఎవరి ముందు అన్నారో మీకు తెలుసు. ఈ పేజీ మూయండి. లేవండి. ఆమె దగ్గరికి వెళ్లి, నువ్వు వద్దన్నావా అని అడగండి. అడిగి, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చోండి. వినేదాకా కదలకండి.

ఒకటి.

రెండు.

మూడోదీ ఆమే కొట్టాలి.