ఉచ్చెంగమ్మ ఆరేసిన పంచె

నేను తోరణగల్లు ఉక్కు కంపెనీ టైమాఫీసులో పనిచేస్తాను. ఎవరొచ్చారు, ఎవరు రాలేదు అని చూడటమే నా ఉద్యోగం. రానివాడికి హాజరు వేయమని ఎంత బతిమాలినా వేయను. అందుకే "అంబికకు పొగరు" అని నాకు పేరు. ఆ పేరంటే నాకు ముచ్చటే.

ఇంట్లో నాలుగు ముక్కలు రాయగలిగినదాన్ని నేనే కాబట్టి మా వంశ చరిత్ర నా నెత్తిన పడింది. బండ్రి దగ్గర గాదిలింగప్ప క్యాంపు మా ఊరు. మా ముత్తాత గాదిలింగప్ప తొంభై ఏళ్ల కిందట గుంతకల్లు వైపు నుంచి వచ్చి, ముళ్లకంప కొట్టి, బావి తవ్వి ఈ ఊరు నిలబెట్టాడని అందరూ చెబుతారు. ఈ పెద్దల అమావాస్యకు ఊరి మొదట్లో రాయి పాతి ఆయన పేరు చెక్కించాలని మా హొన్నూరుస్వామి చిన్నాయన పట్టుబట్టాడు. రాయి చెక్కే పక్కీరప్ప అమావాస్య పొద్దున్నే వచ్చి, ఏం చెక్కాలో కాగితం మీద రాసిమ్మన్నాడు.

రాద్దామని కూర్చుంటే రాయడానికేమీ లేదు. ముత్తాత గురించి ఎవరినడిగినా అవే రెండు ముక్కలు, కంప కొట్టినాడు, బావి తవ్వినాడు. మనిషి పొడుగా పొట్టా, కోపిష్టా శాంతమా, ఎవరికీ తెలియదు. ఆయన భార్య ఉచ్చెంగమ్మ గురించైతే ఆ రెండు ముక్కలు కూడా లేవు.

బీడీలు తాగేవాడని మాత్రం ఊరంతటికీ తెలుసు. పెద్దల అమావాస్యనాడు నడింట్లో ఆకు వేసి, జొన్నరొట్టె, మాంసం కూర వడ్డించి, పక్కన కొత్త పంచె, బీడీకట్ట పెడతాం. తర్వాత తలుపు మూసి అందరం వాకిట్లోకి వచ్చేస్తాం. పెద్దలు వచ్చి తిని పోవాలి కదా, మనం చూస్తూ కూర్చుంటే వాళ్లకు మొహమాటం. కాసేపయ్యాక తలుపు తీస్తే కట్టలో రెండు బీడీలు తక్కువుంటాయి. గదంతా పొగ. చిన్నాయన కళ్లు ఒత్తుకుని, "వచ్చినాడప్పా మా తాత" అంటాడు. ఏటా ఇదే.

గేటు దగ్గర దొంగచాటుగా వచ్చి పోయేవాళ్లను పట్టడం నాకు అలవాటు. ఈసారి అందరూ బయటికి నడుస్తుంటే నేను జొన్నసంచుల వెనక కూర్చుండిపోయాను.

తలుపు పడగానే వంటింట్లోంచి మా కరియమ్మవ్వ వచ్చింది. ఉచ్చెంగమ్మ కోడలు, చిన్నాయనకు తల్లి, నాకు నాయనమ్మ. ఎనభై దాటిన మనిషి, పిల్లిలా వచ్చింది. పంచె తీసి చంకలో పెట్టుకుంది. దాని చోట రెండు మట్టిగాజులు, రవికగుడ్డ పెట్టింది. ఒక బీడీ వెలిగించి ఆకు పక్కన ఉంచింది. రెండోది వెలిగించి నోట్లో పెట్టుకోబోతుండగా నేను లేచాను.

"ఏందవ్వా ఇది? గాజులు ఎవురికి పెడతాండావు?"

అవ్వ అదరలేదు. "మా అత్తకు."

"మరి పంచె?"

"ఆయప్ప ఈడ యాడుండాడని?"

అప్పుడు చెప్పింది. వచ్చిన మొదటి ఎండాకాలమే గాదిలింగప్పకు గుండె జారింది. చుట్టూ రాళ్లు, ఎలుగుబంట్లు. ఎద్దులకు గడ్డి తెస్తానని పోయినవాడు పదకొండేళ్లు మళ్లీ రాలేదు. ఇద్దరు పిల్లల్ని పెట్టుకుని కంప కొట్టింది ఉచ్చెంగమ్మ. బావిలోంచి తట్టలతో మట్టి మోసింది ఉచ్చెంగమ్మ. ఎలుగుబంటి వస్తే డబ్బా వాయించి తరిమింది. మగదిక్కు లేదని తెలిస్తే ఉన్న పొలం ఎవరైనా లాక్కుంటారని, మొగుడు వదిలేసిపోయిన పంచెను రోజూ ఉతికి కంచె మీద ఆరేసేది. సాయంత్రం గుడిసె వాకిట్లో రెండు బీడీలు వెలిగించేది. దారిన పోయేవాళ్లు పంచె చూసి, పొగ వాసన చూసి, లోపల మగాడున్నాడనుకునేవాళ్లు.

"కట్టేటోడు లేకనే చినిగిపాయనంట ఆ పంచె, ఉతికి ఉతికి," అని అవ్వ నవ్వింది. "బీడీలు ఊరికే కాలిపోతాండాయే అని మా అత్త తాగేది నేర్చుకునె. ఆయప్పకు బీడీ వాసనే పడదు."

నాకు ఒళ్లు మండింది. పదకొండేళ్లు పనికి రానివాడికి ఇంటిల్లిపాదీ కలిసి హాజరు వేస్తున్నాం. "తిరిగి ఎప్పుడొచ్చినాడు?"

"బావిలో నీళ్లు పడినంక. మా అత్త ఒక్క మాట అనకుండా చెంబుతో నీళ్లిచ్చెనంట. పట్టా కూడా ఆయప్ప పేరే. రాసేటోళ్లు మగోని పేరే అడిగిరంట."

"ఇన్నేండ్లు ఎట్లా చెప్పకుండా ఉంటివవ్వా?"

"సచ్చిపోయే ముందర నా చెయ్యి పట్టుకోని మాట తీసుకునె. మొగుడు విడిచిపోయిన దాని బిడ్డలు అని నా బిడ్డల్ని ఎవురూ అనకూడదు, పేరు ఆయప్పకే ఉండనీ అనె. నేను ఊ అంటి. ఏడాదికొకపూట ఈ గాజులు ఆమెకు పెడతాండా, మీరు తలుపు తీసేలోపల మళ్లా పంచె పెట్టేస్తా. నా చేతనయ్యేది అంతే."

"బయట పక్కీరప్ప ఉలి పట్టుకోని ఉండాడు. ఒకసారి చెక్కినంక చెరిపేది కాదు."

"తెలుసు," అంది. "నిన్నట్నించి అన్నం దిగల్యా."

నువ్వు చెప్పకపోతే నేను చెబుతానన్నాను. చెబితే నాలుక కోస్తానంది. ఇద్దరి గొంతులూ లేచాయి. మూసిన గదిలో ఆడగొంతులు విని వాకిట్లో అందరూ బిగుసుకుపోయారని తర్వాత తెలిసింది. పెద్దలు కూర చాలక పోట్లాడుకుంటున్నారని కావేరి చిన్నమ్మ ఏడుపు కూడా మొదలుపెట్టిందట. చివరికి చిన్నాయన చేతులు జోడించుకుని తలుపు తోశాడు. ఎదురుగా వాళ్లమ్మ, నోట్లో బీడీ, చంకలో తాతకు పెట్టిన పంచె.

నాకు నవ్వు ఆగలేదు. చిన్నాయన నవ్వలేదు. "ఏందమ్మా ఇది?" అన్నాడు.

అవ్వ నా వైపు చూసింది. చెప్పాల్సింది ఆమె. జన్మకొకసారి నేను నోరు మూసుకున్నాను. అవ్వ పంచె మడత విప్పి అందరికీ చూపించింది.

"పంచె కట్టుకునే మనిషి ఈడ లేడు నాయనా. ఉత్త పంచెనే మీ అవ్వ ఉతికి ఆరేసె, పదకొండేండ్లు." అక్కడినుంచి అంతా చెప్పింది, ఇచ్చిన మాటతో సహా. "నా మాట పాయ. మా అత్తకు కోపమొస్తే, పైకి పోయినంక నేను చూసుకుంటా."

చిన్నాయన కోపిష్టి. తాత పేరు రాయి మీద చూడాలని ఏడాదిగా తిరుగుతున్నాడు. ఇల్లు ఎగిరిపోతుందనుకున్నాం. ఆయన గోడకు ఆనుకుని కూర్చుని, ఆకు పక్కనున్న గాజులు చేతిలోకి తీసుకున్నాడు.

"అమ్మా, మా అవ్వకు ఏ రంగు చీర ఇష్టం?"

"తెలీదప్పా. ఆమెకు ఉండినవి రెండే. రెండూ మట్టి రంగుకొచ్చిండె. ఏ రంగు కావాలని ఎవురూ అడగలే. నేనూ అడగలే." అని కరియమ్మవ్వ, ఎప్పుడూ లేనిది, కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చింది. నాకూ ఆగలేదు.

చిన్నాయన వాకిట్లోకి వెళ్లి, "పేరు ఉచ్చెంగమ్మ. పెద్దగా చెక్కప్పా" అన్నాడు. తర్వాత తల్లిని బైకు వెనక కూర్చోబెట్టుకుని సండూరు బయల్దేరాడు. మేమొచ్చేదాంక ఎవురూ తినకండి అని చెప్పి మరీ పోయాడు. కడుపులు మాడ్చుకుని మూడు గంటలదాకా కూర్చున్నాం. వాళ్లు ఐదు చీరలు తెచ్చారు, ఐదు రంగులు. ఏది ఇష్టమో తెలియదు కదా మరి. అన్నీ ఆకు పక్కన పరిచి, మళ్లీ తలుపు వేశాం. ఈసారి కరియమ్మవ్వ కూడా మాతోపాటే వాకిట్లోకి వచ్చి కూర్చుంది.