బాండ్లిలో మలేషియా

ఉరవకొండ బస్టాండు కాడ నేను బజ్జీలు ఏస్తాంటా. శెనక్కాయ రైతు హనుమంతరాయుడన్న రోజూ సాయంత్రం వచ్చి, పేపరు పరిచి, నా బండి కాడ నుంచే ప్రపంచాన్ని ఏలతాడు.

"అమెరికా కసిరినా, రష్యా బుజ్జగించినా మన దేశం ఎవరి పక్కా చేరదు ఖాతూన్‌బీ! మన కాళ్ల మీద మనం నిలబడుకోనుండాము," అంటా ఐదో బజ్జీ నమిలినాడు. "ఈ మన శెనక్కాయ నూనె రుచి ఏ దేశంలో ఉండాది?"

నాకు ఒళ్లు మండింది. నూనె డబ్బా తిప్పి సూపించినా. "ఇది మలేషియా పామాయిలన్నా. పదేండ్లుగా దీన్నే తింటాండావు."

నమిలేది ఆపినాడు. "మరి నా శెనక్కాయలు?"

"అడిగే నాథుడు లేక మీ ఇంట్లోనే మూటల్లో ఉండాయి గదన్నా. అవీ ఎవరి పక్కా చేరకుండా నిలబడుకోనుండాయి."